సొట్ట పిల్లనగ్రోవి

మా చర్చిలో హార్మోనియం వాయించే ప్రకాశం అన్న శనివారం తెగేసి చెప్పాడు. "రాజమణీ, రేపటికల్లా శ్రుతి కలిసే బాసురి తెస్తివా సరే. లేకుంటే నీ పాటకు సీమోను ఊదుతడు."

నా పాత రేకు పిల్లనగ్రోవి అతుకు విడిపోయి వారమైంది. సీమోనుకు ఊపిరి నిలవదు. పైగా ఆ పాటకు వరస కట్టింది నేను. ఎలా వదులుకుంటాను?

హార్మోనియం 'సా' చెవిలో పెట్టుకుని, కిషన్‌బాగ్ నుంచి దారంతా కూనిరాగం తీస్తూ శాలిబండలో ప్రహ్లాద్ దుకాణానికి వెళ్ళాను. గల్లా పక్కన తట్టలో చవక రేకువి నాలుగున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ వాటిలో ఏ రెండూ ఒక్కలా పలికితే ఒట్టు! ఊది చూసుకోక తప్పదు.

నాకంటే ముందే ఆఫీసరు విఠల్‌రావు గారు మనవరాలి కోసం వాటిని ఊది చూస్తున్నారు. ఊదడం, రుమాలుతో తుడవడం, మళ్ళీ తట్టలో పడేయడం. నేను చెవులు రిక్కించి విన్నాను. మొదటిది కీచుమంది. రెండోది కింది స్వరానికి బొంగురుపోయింది. మూడోదానికి తోక దగ్గర సొట్ట ఉంది. దాని నోట అచ్చం మా హార్మోనియం సా! ఆయన దాన్నీ పడేసి, నాలుగోది కాసేపు ఊది, "అబ్బే, ఒక్కటీ మంచిగ లేదు" అని పెదవి విరిచారు. హమ్మయ్య అనుకున్నాను.

సొట్టదాని మీద చెయ్యి వేయగానే ప్రహ్లాద్ తట్ట లాక్కున్నాడు.

"ఏయ్, నువ్వు ఆగమ్మ బిడ్డవు గదా?" మా అమ్మ ఆ గల్లీ ఊడుస్తుంది. "మూతి పెట్టకు. ఎంగిలైతే ఎవరు కొంటరు? లోపల కొత్తది ఉన్నది, ఊదకుంట తీస్కపో."

"మరి సారు నాలుగూ ఊదె గద?"

"సారు సంగతి వేరే."

నా ఒళ్ళు మండిపోయింది. "ఏంది వేరే? సారుకు ఉమ్మి రాదా?"

విఠల్‌రావు గారు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

తట్ట గుంజుకుని సొట్టదాన్ని నోట్లో పెట్టుకుని పల్లవి మొత్తం ఊదాను. శ్రుతి సూది మొనంత కూడా తప్పలేదు. "సారు ఎంగిలైతే నాకేం ఫికర్ లేదు భాయ్. నాకు గిదే కావాలె" అని పైసలు గల్లా మీద పెట్టాను.

అక్కడితో ఊరుకుంటే నేను ఆగమ్మ బిడ్డనే కాదు. మిగిలిన మూడూ ఒక్కొక్కటే తీసి ఊదాను. ఆయన రుమాలుతో తుడిచినట్టే నేను కొంగుతో తుడిచి, నింపాదిగా తట్టలో పెట్టాను.

"సారు చెప్పింది నిజమే. గివి మంచిగ లేవు."

"ఇగ వీటిని ఎవరు కొంటరే!" ప్రహ్లాద్ లొల్లి మొదలుపెట్టాడు.

"సారు ఊదినంక నేను కొనలేదా? నేను ఊదినంక సారు లాంటోళ్ళు కొంటరు" అని దుకాణం మెట్లు దిగాను. అమ్మ ఊడ్చిన ఆ గల్లీ నడిమధ్యన నడుస్తూ, రేపటి పాట చివరిదాకా ఊదాను.