రజాయి కప్పిన బ్యాటరీ

ఆ రోజు ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో ఉన్నది నలుగురే. వంటింట్లో లక్ష్మీకుమారి అత్త, ముందుగదిలో శాలువా కప్పుకుని అమ్మమ్మ పార్వతమ్మ, పడకగదిలో దివాన్ మీద నిద్రపోతున్న మూడేళ్ల మనీష, ఆ గది గుమ్మం పట్టుకుని లోపలికి వెళ్లాలా వద్దా అని నిలబడ్డ శ్రీవల్లి. మావయ్య సాయిప్రకాష్ ఆఫీసుకి వెళ్లిపోయాడు. దివాన్ కింద ఎర్ర రజాయిలో, అంటే దూది దుప్పటిలో చుట్టి, ప్లగ్గుకి తగిలించి ఉంచిన స్కూటర్ బ్యాటరీని కూడా కలుపుకుంటే ఐదుగురు. నాలుగు రోజులుగా శ్రీవల్లి దాన్ని కూడా కలుపుకుంటోంది.

మావయ్య పాత పెట్రోలు బండికి పదిహేనేళ్లు నిండాయి. రూలు ప్రకారం ఇక ఢిల్లీ రోడ్ల మీద అది తిరగడానికి లేదు. కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ చూద్దామని అందరూ షోరూముకి వెళ్లారు. అక్కడ కూల్‌డ్రింకులు ఇచ్చారు, మనీషని సీటు మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు, చివర్లో లక్షన్నర రాసిన కాగితం చేతిలో పెట్టారు. సబ్సిడీ పోగా అంతేనట. ఇంటికొచ్చేదాకా బస్సులో మావయ్య ఆ కాగితాన్ని మడుస్తూ, విప్పుతూనే ఉన్నాడు. వారం తర్వాత, ఎవరో వాడి వదిలేసిన ఎలక్ట్రిక్ బండి ముప్పై వేలకి దొరికింది. దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కంపెనీ బ్యాటరీ కొనాలంటే బండికి పెట్టినదానికి రెట్టింపు. అందుకని ఒక గల్లీ మెకానిక్ విడి సెల్సు తెచ్చి, అతికించి, పైన నీలం ప్లాస్టిక్ చుట్టి ఇచ్చాడు.

తీరా జనవరి చలికి బండి సగం దారిలోనే ఆగిపోతోంది. మెకానిక్‌ని అడిగితే, "చలికాలంలో బ్యాటరీకి కూడా జలుబు చేస్తుంది భయ్యా, రజాయి కప్పి ఛార్జింగ్ పెట్టండి" అన్నాడు. క్వార్టర్ల కింద ప్లగ్గు లేదు. రెండో అంతస్తుకి మోసుకురావాలి. పెద్ద ప్లగ్గు ఉన్నది పడకగదిలోనే. అలా పైన మనీష, కింద బ్యాటరీ, ఇద్దరికీ చెరో రజాయి.

శ్రీవల్లి ముక్కు ఎగబీల్చింది. తియ్యటి వాసన. అత్త గోళ్లరంగు తుడిచే సీసా మూత తీస్తే వచ్చేలాంటిది. వంగి రజాయి లోపలికి చెయ్యి పెట్టి, చప్పున వెనక్కి లాక్కుంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది.

చెప్పాలి. కానీ ఎలా? పలాస దగ్గర పల్లెబడిలో పది చదివి, జూలైలో ఇక్కడికొచ్చి పదకొండులో చేరింది. వచ్చినప్పట్నుంచీ అత్తతో తనంతట తను మాట మొదలుపెట్టింది ఏ నాలుగుసార్లో. అత్తకి కోపమొస్తే ఊరికి పంపేస్తుందన్న దిగులు ఒకటి. వంటింటి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి నోరు పెగిలింది.

"అత్తా... బాగా కాలిపోతంది."

"ఏది, పప్పా?"

"కాదు. బేట్రీ."

అత్త నవ్వింది. "రజాయిలో పెట్టింది వేడిగా కాక చల్లగా ఉంటుందా వల్లీ?" అంటూనే మావయ్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "ఏవండీ, మీ మేనకోడలు ఇంజనీరింగ్ పాసైపోయింది. బ్యాటరీ కాలిపోతోందట."

"వేడెక్కుతుందని వాడు ముందే చెప్పాడుగా," అన్నాడు మావయ్య. "భయపడకురా వల్లీ. సాయంత్రానికి ఫుల్ అవ్వాలి, ఎవరూ ముట్టుకోకండి."

"దానికి మిక్సీ అన్నా భయమేరా!" అని ముందుగదిలోంచి అమ్మమ్మ కేకేసింది.

శ్రీవల్లి మళ్లీ పడకగదిలోకి వచ్చింది. దివాన్ కింద టక్‌మని చిన్న చప్పుడైంది. కాసేపాగి మరొకటి. ఆమె ఆలోచించలేదు. ప్లగ్గు పీకేసింది.

అంతలోనే ఇస్త్రీ చేసిన చీరతో అత్త వచ్చింది. ఛార్జరు లైటు వైపు చూసింది. "ఎవరు తీశారు?"

శ్రీవల్లి తల దించుకుంది.

అత్త వంగి ప్లగ్గు మళ్లీ పెట్టింది. "రేపు నా ఉద్యోగం మొదటి రోజు. మూడేళ్ల తర్వాత దొరికింది. పాపని క్రెష్‌లో దింపి తొమ్మిదికల్లా అక్కడుండాలి. కిక్కిరిసిన బస్సులో పిల్లని చంకనేసుకుని వేలాడమంటావా? కొత్త బండి కొనే తాహతు మాకు లేదమ్మా. ఉన్నది ఇదే." చేతిలోని చీరని బీరువాలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది శ్రీవల్లికి.

అత్త వెళ్లిపోయింది. అప్పుడు దివాన్ కింద రజాయి కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. నూనెలో పూరీ పొంగినట్టు లోపల ఏదో మెల్లగా ఉబ్బుతోంది. పైన మనీష నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. శ్రీవల్లి పిల్లని రెండు చేతులా ఎత్తుకుంది.

"దీదీ, సోనే దో నా," అని, ఇంకా పడుకోనివ్వమంటూ మనీష గునిసింది.

దాన్ని తీసుకెళ్లి అమ్మమ్మ ఒళ్లో పడేసి, ఆవిడ "ఏమైందే?" అంటున్నా ఆగకుండా వెనక్కి పరిగెత్తింది. ప్లగ్గు లాగింది. రజాయి రెండు కొసలు పట్టుకుని బ్యాటరీని నేల మీద ఈడ్చింది. అది ఇదివరకులా కుదురుగా కూర్చోవడం లేదు. అడుగు ఉబ్బి అటూ ఇటూ దొర్లుతోంది. అది దొర్లినప్పుడల్లా సెగ పాదాలకి తగులుతోంది. బాల్కనీ గడప దగ్గర ఇరుక్కుంటే తను బాల్కనీలోకి దిగి ఏడుస్తూనే లాగి, బయట పడేసింది. రజాయి విడిపోయి బయటపడ్డ నీలం ప్లాస్టిక్ అతుకు దగ్గర దారప్పోగంత తెల్లగా ఏదో పైకి లేచింది.

"అత్తా! రా అత్తా! ఒక్కసారి చూడు!"

ఆమె అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో అదే మొదలు. అత్త గరిటెతోనే వచ్చింది. ముందు ఆమె కళ్లు పడింది మంచుకి తడిసిన నేల మీద నానుతున్న కొత్త రజాయి మీద.

"పిచ్చెక్కిందా నీకు?"

"పొగ అత్తా... అదిగో!"

అత్త చూసింది. బాల్కనీ అవతల చెట్లు కూడా కనబడనంతగా పొగమంచు కమ్మి ఉంది. ఆ తెలుపులో ఈ తెలుపు కలిసిపోయింది.

"మంచుని చూసి పొగంటావా? పాప దగ్గు మొన్ననే తగ్గింది, చలంతా లోపలికి కొడుతోంది. నీ భయం తీరేదాకా ఆ బ్యాటరీ పక్కనే ఉండు. మీ మావయ్యకి నువ్వే చెప్పుకో."

"అత్తా, వద్దు, నన్ను లోపలికి..."

అత్త తలుపు మూసి, లోపలి గడియ పెట్టేసింది.