కాపలా కర్ర

బోగోలు తీరంలోని ఆ పల్లెలో సారా చుక్క ముట్టకూడదన్నది ఊరి కట్టుబాటు. మంచి కట్టుబాటే, కాదనను. అది తప్పేవాళ్లను పట్టడానికి కుర్రాళ్లు కర్రలతో కాపలా తిరుగుతారు. ఆ పొద్దున ఒడ్డున ముత్యాలయ్య దొరికాడు. నడక తూలుతోంది, కుడిచెయ్యి వణుకుతోంది, మాట ముద్దగా వస్తోంది. ఇంకేం కావాలి? చదివే మీరు అక్కడున్నా అదే అనేవారు.

"మామ తాగినాడు!" అన్నాడు కాపలా కుర్రాళ్ల పెద్ద పెంచల్. స్వయానా మేనల్లుడు.

ముత్యాలయ్య భార్య అంకాలమ్మ పరుగెత్తుకొచ్చింది. "నోరు వాసన చూడరా సచ్చినోడా!"

"ఇప్పటి సరుక్కి వాసన యాడుంది అత్తా?"

అందరూ నవ్వారు. పెద్దలు దురాయి వేశారు: ముత్యాలయ్య ఇక పడవ ఎక్కకూడదు. సముద్రం తప్ప మరొకటి ఎరగని మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంకాలమ్మ ఊరుకుంటుందా? నెల్లూరు లాక్కెళ్లింది. డాక్టర్ ప్రత్యూష అతన్ని నడిపించి చూశారు, వేళ్లు ఆడించమన్నారు. "వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగారు.

అప్పుడు గుర్తొచ్చి చెప్పింది అంకాలమ్మ: పోయినేడు ఎండుచేపలు కుళ్లి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఈ మనిషి పక్కనే కూర్చుని సద్దన్నం తిన్నాడు!

"ఇది పార్కిన్సన్ జబ్బమ్మా. వాసన తెలియకపోవడం దీని తొలి గుర్తుల్లో ఒకటి. కదలికను నడిపే కణాలు మెదడులో చచ్చిపోతున్నాయి. మెదడుకూ కాపలా కణాలుంటాయి. చెత్త ఎత్తడం, క్రిముల్ని తరమడం వాటి పని. ఈ జబ్బులో అవి రెచ్చిపోయి, బతకాల్సిన కణాలనూ దెబ్బతీస్తాయని పరిశోధకులు అంటున్నారు."

"ఆ కాపలావాటిని పీకి పారేస్తే పోలా తల్లీ?"

డాక్టరమ్మ నవ్వారు. "అప్పుడు క్రిముల్ని ఎవరు తరుముతారు? వాటిని చల్లార్చాలి. ఆ మందు కోసమే వెతుకుతున్నారు. ఈలోపు వణుకు తగ్గడానికి మాత్రలున్నాయి."

మాత్రలు పడ్డాక కొన్ని వారాలకు ముత్యాలయ్య మళ్లీ వల అల్లే సూది పట్టాడు. అంకాలమ్మ అతన్ని వెంటబెట్టుకుని, ఆడది నోరెత్తని పెద్దల కూటంలో నిలబడింది. చినిగిన వల అతని ముందు పడేసింది.

"జబ్బు చెయ్యి ఇది, తాగిన చెయ్యి కాదు. చూడండి."

సూది పట్టిన చెయ్యి కొంచెం వణికింది. ముడి మెల్లగా పడింది. పెంచల్ దాన్ని బలంకొద్దీ లాగి చూశాడు. జారలేదు. చేతిలో కర్ర కింద పెట్టేశాడు.

"మామా, రేపు నా పడవెక్కు. చుక్కాని నేను పడతా, చేపల జాడ నువ్వు చెప్పు."

పెద్దలు దురాయి ఎత్తేశారు. వాళ్లలో ఒకాయన మాత్రం గొణిగాడు: "అయితే కాపలా కూడా తీసేయమంటావా?"

"ఎందుకు తీసేయాల పెద్దయ్యా? ఊరికి కాపలా కావాల," అంది అంకాలమ్మ. "కర్ర ఎత్తేముందు ఎదురుగా ఉండేది దొంగో, మన మనిషో అడగాల. అడగని కాపలా సొంతింటినే కూలుస్తాది."