ఓదెలు తాగిన ఒక్క గుక్క

నేను ఒక ఊదుడు మిషన్‌ని. పోలీసులు మీ మూతి ముందు పెట్టి "ఊదు, ఇంకా గట్టిగా ఊదు" అంటారే, ఆ నల్ల డబ్బాని. ఫ్యాక్టరీలో నన్నెంత ముద్దుగా చూసుకున్నారో! బైపాస్ రోడ్డుకొచ్చాక మొదలైంది నా ఖర్మ. ఉల్లిపాయ, జర్దా, వాసన దాచడానికి నమిలిన యాలకులు, అన్నీ నా ముఖానే. ఊదమంటే పీల్చే మహానుభావులున్నారు. దండం పెట్టినవాళ్లూ ఉన్నారు. నాకు దండం పెడితే ఏమొస్తుందయ్యా? అందిన గాలిని లెక్కగట్టడం తప్ప నాకింకో పని రాదు.

ఓదెలు విషయంలో ఆ గాలి కూడా నాకు సరిగ్గా అందనివ్వలేదు.

ఓదెలు బడి బస్సు డ్రైవరు. ఆ రోజు వాళ్లన్న రాజమల్లు చనిపోయిన మూడోరోజు. మా వైపు ఆ రోజు పిట్టకు, అంటే కాకికి, పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కల్లు ధారపోసి, అయినవాళ్లంతా ఆ కల్లే ఇంత నోట్లో పోసుకోవాలి. కాదన్నవాడు పోయినవాడిని కాదన్నట్టే. ఓదెలుకు తాగే అలవాటు లేదు. అయినా మోదుగాకు దొప్పలో ఒక్క గుక్క మింగి, మధ్యాహ్నం మోటారుసైకిల్ మీద ఇంటికి బయల్దేరాడు.

తనిఖీలో అతనికి ముందు ఊదినవాడు పీకలదాకా తాగి ఉన్నాడు. మనిషి మారినప్పుడల్లా నా మూతికి పెట్టే ప్లాస్టిక్ గొట్టం మార్చాలి. హోంగార్డుకు ఎండకు చిరాకెత్తింది. అదే గొట్టం ఓదెలు నోట్లో పెట్టాడు. ఆ తాగుబోతు ఎంగిలి, ఆవిరి అందులోనే ఉన్నాయి మరి! అంతా కలిపి చూపించాను. అంకె చూసి ఓదెలు బిత్తరపోయాడు. "ఒక్కటే గుక్క సారూ, మా అన్నకు..." అంటుండగానే లైసెన్సు లాక్కున్నారు.

లైసెన్సు లేనిదే స్టీరింగ్ ముట్టొద్దన్నాడు బడి యజమాని. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇప్పుడు అన్న భార్య పోసవ్వ, ఆమె కూతురు కూడా అతని మీదే పడ్డారు. ఆ బస్సు పోతే అందరూ పస్తే.

కోర్టుకు నన్నూ తీసుకెళ్లారు. ఇలాంటి కేసుల్లో జనం వరసగా నిలబడి, ఒప్పుకుని, జరిమానా కట్టి పోతుంటారు. ఓదెలు వకీలు నర్సింగరావు మాత్రం గట్టివాడు. గొట్టం మార్చలేదని చూపించే వీడియో సంపాదించాడు. వరండాలో ఓదెలు భుజం పట్టుకుని చెప్పాడు: "చుక్క ముట్టలేదను. అంతే. గుక్క అన్నవో, కేసు పాయె."

"సరే సారూ," అన్నాడు ఓదెలు.

లోపల వకీలు అడిగితే గొట్టం మార్చలేదని హోంగార్డు ఒప్పుకున్నాడు. నాకు నోరుంటే బల్ల మీంచి లేచి అరిచేదాన్ని. గెలిచేశాం అనుకున్నాను.

అప్పుడు జడ్జిగారు అడిగారు: "ఆ రోజు మీరు తాగారా?"

ఓదెలు వెనక్కి చూశాడు. బెంచీ మీద పోసవ్వ కూర్చుని ఉంది. 'లేదు' అనడానికి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"తాగిన సారూ. మా అన్న పేరు మీద పోసిన కల్లు అది. లేదంటే... నేను మా అన్నకు పెట్టనట్టే గద."

నర్సింగరావు తల పట్టుకున్నాడు. మిషన్ మాట పక్కన పెట్టినా తాగి బండెక్కానని మీరే అంటున్నారు కదా అన్నారు జడ్జిగారు. లైసెన్సు ఆర్నెల్లు రద్దు.

నన్ను సంచీలో వేసుకుని బయటికి తెస్తుంటే వరండాలో గోడవార ఓదెలు కూలబడి ఏడుస్తున్నాడు. పోసవ్వ పక్కన కూర్చుంది.

"లేదని అనకపోయినవా ఓదెలూ," అంది. "మీ అన్నుంటే ఆయనే అనమనేటోడు."

ఇప్పుడు నేను ఠాణా వెనక గదిలో పగిలిన హెల్మెట్ల కింద పడి ఉన్నాను. తలుపు కిర్రుమంటే చాలు, ఓదెలు వచ్చాడేమో అనిపిస్తుంది. కొత్త గొట్టం పెట్టి ఒక్కసారి ఊదించాలని ఉంది. ఇప్పుడు ఊదితే ఏం తేలుతుంది, నా పిచ్చి గానీ!