కుళాయి పరీక్ష

ఆ బడిలో పిల్లలు తక్కువ, టీచర్లు మరీ తక్కువ. ఉన్నది నలుగురే అయినా కొత్త కోర్సులు పెట్టాలని హెడ్మాస్టారికి బుద్ధి పుట్టింది. లెక్కలూ సైన్సూ తలకెక్కని పిల్లకైనా ఏదో ఒక పని వచ్చే ఉంటుందని, దానికీ మార్కులుండాలని ఆయన వాదన. కుట్టుపని, తోటపని, కుళాయిల పని కోర్సులుగా పెట్టి, నేర్పడానికి ఆ పనులు చేసేవాళ్ళనే వారానికోసారి పిలిపించారు. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా పరీక్ష దగ్గర వచ్చింది. నేర్పినవాళ్ళే పరీక్ష పెడితే తమ పిల్లల్ని గట్టెక్కించేస్తారు. వేరే ఊరి పరీక్షకుల్ని పిలుద్దామంటే ఇంత చిన్న బడికి ఎవరొస్తారు? అందుకని ఆయనే ఒక పద్ధతి కనిపెట్టారు. ఆ పని ఏమాత్రం తెలియని టీచరే పరీక్షకురాలు. పిల్ల పాఠం చెప్పాలి, టీచరు విని ఆ పని చెయ్యాలి. టీచరు చెయ్యగలిగితే పిల్ల పాసు, లేకపోతే ఫెయిలు. టీచరు పని మొదలుపెట్టాక పిల్ల నోరు మెదపకూడదు. టీచర్లు నవ్వుకున్నారు గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించేదెవరు?

కుళాయిల పరీక్ష లెక్కలమ్మకి పడింది.

లెక్కలమ్మ అంటే లెక్కల టీచరు. ఎవరికైనా అవసరం వస్తే ఆవిడ చేతికి ఎముక లేదు. మార్కుల దగ్గర మాత్రం ఆ చేతినిండా ఎముకలే. ఆవిడా, ఆవిడ చెల్లెలూ ఒకే ఇంట్లో ఉండేవారు. వంట అక్కది. మేకు కొట్టడం నుంచి ఫ్యూజు వెయ్యడం దాకా మిగిలినవన్నీ చెల్లెలివి. చలికాలంలో ఆ చెల్లెలికి జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకి పాకింది, మనిషి పోయింది. సెలవు అయిపోగానే లెక్కలమ్మ బడికొచ్చి, ఆపిన చోటినుంచి భిన్నాలు చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. తిన్నదాని రుచి తెలిసేది కాదు. ఎవరేమన్నా 'సరే' అనేది. ఎంత గుండెనిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. మనిషి మొద్దుబారిపోయింది.

ఆ పరీక్షకి రావాల్సిన పిల్లని బడంతా 'రంపం' అని పిలిచేది. గొంతు అలాంటిది మరి. పోయిన ఏడాది దాన్ని లెక్కల్లో ఫెయిలు చేసింది లెక్కలమ్మే. ఈసారి లెక్కలు పోయినా కుళాయిల పని పాసైతే పై తరగతికి పంపుతామన్నారు హెడ్మాస్టారు. వాళ్ళమ్మ లాండ్రీలో పనిచేస్తుంది. ఇంకోసారి తప్పితే పుస్తకాలు కట్టిపెట్టి తనతో పనికి వచ్చెయ్యమని ఆవిడ తేల్చి చెప్పేసింది.

టీచర్ల గది మూల, కుళాయి కారుతున్న సింకు దగ్గర పరీక్ష మొదలైంది.

"ముందు గోడలో ఉన్న ఈ వాల్వు కట్టెయ్యాలి టీచర్," అంది రంపం. "ఇది కట్టకుండా కుళాయి విప్పామనుకోండి, ఇద్దరికీ స్నానమే. కట్టాక కుళాయి ఓసారి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళు పోనివ్వాలి. సింకు కన్నంలో గుడ్డ కుక్కాలి, లేకపోతే మర జారి అందులో పడుతుంది. అప్పుడు పానా పెట్టి విప్పాలి. లోపల అరిగిపోయిన వాషరు ఉంటుంది. అది తీసి కొత్తది వెయ్యడమే. అర్థమయిందా?"

"సరే," అంది లెక్కలమ్మ.

"సరే కాదు టీచర్. అర్థమయిందా?"

"అర్థమయింది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పిల్ల పెదవులు కదలడం ఆవిడ చూసింది. మాటలు చెవిదాకా వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాయి. పానా అందుకుని నేరుగా కుళాయికి పెట్టింది. రంపం చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, కళ్ళతోనే వాల్వు వైపు చూపిస్తూ నిలబడింది. లెక్కలమ్మ ఆ కళ్ళు కూడా చూడలేదు.

నీళ్ళు ఎగజిమ్మి పైకప్పుని కొట్టాయి. బల్లమీది జవాబు పత్రాలన్నీ తడిసి ముద్దయ్యాయి. సైన్సు టీచరు పరిగెత్తుకొచ్చి వాల్వు కట్టింది. హెడ్మాస్టారు వచ్చేసరికి లెక్కలమ్మ నిలువునా తడిసి, పానా పట్టుకుని, చలి కూడా తెలియకుండా నిలబడి ఉంది. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందని ఆయనకి అప్పుడే అర్థమైంది.

"రూలు ప్రకారం ఫెయిలు," అన్నారు నసుగుతూ. "అంతేనా అమ్మా?"

ఆవిడ కాదంటుందేమోనని కాసేపు చూశారు.

"సరే," అంది లెక్కలమ్మ.

"నేనే సరిగ్గా చెప్పలేదేమో సార్," అంది రంపం. ఆ గొంతు అంత చిన్నగా రావడం ఎవరూ ఎరగరు. గుడ్డ తెచ్చి గది తుడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం లెక్కలమ్మ ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుంది. వంటింట్లో కారే కుళాయి కింద గిన్నె నిండింది. రోజూ రెండుపూటలా దాన్ని పారబోసి మళ్ళీ అక్కడే పెట్టడం ఆవిడకి అలవాటైపోయింది. ఎందుకు పెడుతున్నానని ఏనాడూ అనుకోలేదు. ఆ పూట గిన్నె ఎత్తుతుంటే, 'లోపల అరిగిపోయిన వాషరు ఉంటుంది' అని చెవిలో రంపం కోసినట్టు వినపడింది. పొద్దున గుమ్మంలో కూర్చున్న మాటలు ఒక్కొక్కటే లేచి లోపలికొచ్చాయి. ముందు వాల్వు. తరవాత మిగిలిన నీళ్ళు. ఆపైన గుడ్డ. చెల్లెలి పానా సింకు కిందే ఉంది. కొత్త వాషర్లు కూడా డబ్బాలో ఉన్నాయి, చెల్లెలు ముందుచూపున్న మనిషి.

కుళాయి కారడం ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక చప్పుడు ఉండేదని ఆవిడకి అది ఆగాకే తెలిసింది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. భయం వేసింది. ఆ వెనకే రంపం గుర్తొచ్చి సిగ్గేసింది.

పొద్దున్నే హెడ్మాస్టారి దగ్గరికి రంపాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

"నిన్నటి పరీక్ష చెల్లదండీ."

"అదేమిటమ్మా, మీరే సరేనన్నారుగా."

"నిన్న మీరు బడి మూసేస్తానన్నా సరేననేదాన్ని. పిల్ల పాఠం బాగానే చెప్పింది. నేనే వినలేదు. ఇంటికెళ్ళాక విన్నాను, మా ఇంట్లో కారే కుళాయి బాగుచేశాను."

"మరి రూలు..."

"రూలు ప్రకారమే చేస్తాను. సింకు దగ్గరికి వచ్చి చూడండి."

వాల్వు కట్టింది. నీళ్ళు పోనిచ్చింది. గుడ్డ కుక్కింది. కుళాయి విప్పి కొత్త వాషరు వేసింది. రంపం చేతులు వెనక్కి కట్టుకునే ఉంది గానీ, పెదవి కొరుక్కోలేదు. వాల్వు మళ్ళీ తిప్పాక ఒక్క చుక్క కారలేదు. హెడ్మాస్టారు పాసని చెప్పి, కాసేపు గడ్డం గోక్కున్నారు.

"రూల్లో ఒకటి మరిచాను," అన్నారు. "పరీక్షకి ముందు, పరీక్ష పెట్టేవాళ్ళు ఎలా ఉన్నారో అడగాలి. నిన్న నేను మిమ్మల్ని అడగలేదు. నిన్నేమిటి, అసలెప్పుడూ అడగలేదు."

లెక్కలమ్మ పానా రంపం చేతికిచ్చింది. రంపం పానా తుడుస్తూ అడిగింది.

"మీ ఇంట్లో కుళాయి ఎప్పటినుంచి కారుతూ ఉండేది టీచర్?"

"మా చెల్లి పోయినప్పటినుంచి."

ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదటిసారి.

"ఇన్నాళ్ళూ మీకు వినపడలేదా?"

"ఆగాక వినపడింది," అని లెక్కలమ్మ సింకు అంచు పట్టుకుంది. మొదట భుజాలు కదిలాయి, ఆ తరవాత ఏడుపు వచ్చింది. హెడ్మాస్టారు బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. రంపం సింకులోని గుడ్డ తీసింది, అది తడిగా ఉందని చూసి పక్కన పెట్టి, తన జేబురుమాలు ఇచ్చింది.