రేటు చెప్పిన గొంతు

ఇంకా ఎవరూ రమ్మనలేదు. అయినా సత్తిరాజు చొక్కాలు ఇస్త్రీ అయిపోతున్నాయి. బంగ్లాదేశ్‌లో ఉక్కపోతట, అందుకని పొట్టిచేతులవి కొన్ని, ఫోటోలకి తెల్లవి కొన్ని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈయన వరస, అనుకుంది పుష్పలత ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కుతూ. లోపల అనుకోవడమే. పైకి అంటే మడత సరిగ్గా రాలేదంటాడు మొగుడు.

అసలా ప్రకటన పేపర్లో ముందు చూసింది పుష్పలతే. వ్యాపారంలో తల పండిన పెద్దవాళ్ళని, జీతం లేకుండా, టిక్కెట్టూ బసా ఇచ్చి పక్క దేశాలకి పంపే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉందట. బంగ్లాదేశ్‌లో ఖుల్నా దగ్గర చేపలు పెంచుకునే ఆడవాళ్ళ సంఘానికి అమ్మకాలు నేర్పే మనిషి కావాలట. బెంగాలీ వస్తే మరీ మంచిదట. ఆ ప్రకటన ఆవిడ రెండుసార్లు చదివింది. యాభై దాటాక, తన కోసమే ఎవరో అచ్చు వేయించినట్టనిపించింది. ఆ పూట అన్నం వడ్డిస్తూ, నేను రాద్దామనుకుంటున్నానండీ అంది. సత్తిరాజు నవ్వాడు.

"జీతం లేకుండా చాకిరీ చెయ్యడానికి అంత దూరం ఎందుకే? ఇంట్లో లేదా?"

ఎంత నిజం చెప్పాడో ఆ మహానుభావుడికి తెలియలేదు. పైగా వారం తిరక్కుండా తన పేరునే దరఖాస్తు పంపించుకొచ్చాడు. చేపల షాపు నా పేరున ఉంది కదా, నువ్వూ వద్దువుగాని, అక్కడ మాటకీ వంటకీ ఓ మనిషి కావాలిగా అన్నాడు. మూడు ముళ్ళు వేసిన నాటి నుంచీ ఆవిడ 'ఓ మనిషే'.

ఆ షాపు భాగోతం కూడా వినాలి. కిందటేడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసేదాకా, పెదపాడు వైపు నుంచి శీలావతి, బొచ్చె చేపలు ఐసులో పెట్టి హౌరాకి లారీలు పంపేవాళ్ళు. హౌరా ఏజెంట్లు ఫోన్ చేస్తే సత్తిరాజుకి హిందీయే అంతంతమాత్రం, ఇక బెంగాలీ ఏం వస్తుంది? నువ్వు చూడవే అని రిసీవరు పెళ్ళాం చేతిలో పెట్టి పేకాటకి పోయేవాడు. తాడేపల్లిగూడెంలో పదో తరగతి చదివి కాపురానికొచ్చిన పుష్పలత, ఆ ఏజెంట్ల బేరాలు వినీ, బూతులు వినీ, ఆ భాష పట్టేసింది. ఏ రోజు వల వెయ్యాలో, ఏ లారీ ఆపాలో, ఎవడి మాట నమ్మకూడదో అంతా ఆవిడే చూసేది. అత్తగారు వీరరాఘవమ్మ మాత్రం ఒక కట్టడి పెట్టింది. ఆడగొంతు రేటు పలికితే సరుకు ఐసులో కూడా నిలవదట! అందుకని అవతలివాడు రేటు అడిగినప్పుడల్లా, ఉండండి, ఆయన్నడుగుతాను అని రిసీవరు చేత్తో మూసి, కాసేపు గోడకేసి చూసి, ఆయన ఇంతకి ఇమ్మన్నారు అని తన రేటు తనే చెప్పేది. ఆ వేళకి ఆయన భీమడోలులో పేకముక్కలు పంచుతూ ఉండేవాడు. లాభం వస్తే, సత్తిరాజు బుర్రే బుర్ర అనేవాళ్ళు చుట్టాలు, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ. నష్టం వస్తే, ఆడదాన్ని ఫోన్ దగ్గర కూచోబెడితే ఇంతే మరి అనేవాళ్ళు. అత్తగారు పోయినా పుష్పలతకి ఆ అలవాటు పోలేదు. ఒక్కోసారి నిజంగా ఆయనే చెప్పాడేమో అనిపించేది. అన్నిటికన్నా కడుపు మండేది అక్కడే.

చివరి చొక్కా మీద ఉండగా ఫోన్ మోగింది. సత్తిరాజే ఎత్తి, గొంతు సవరించుకుని, యస్ మేడమ్, ప్రొప్రైటర్ మేడమ్ అన్నాడు. హైదరాబాదు సంస్థ మేడమ్ ఖుల్నా సంఘం నుంచి ఒకావిడని లైన్లో కలిపింది. బెంగాలీ మొదలయ్యేసరికి ఆయన మొహం పాలిపోయింది. ఫోన్ భార్య చేతిలో పెట్టి, నేను చెప్పినట్టు చెప్పు అన్నాడు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు.

ఖుల్నా ఆవిడది అలిసిపోయిన గొంతు. పట్నం చేరేసరికి చేప మెత్తబడిపోతోందని, దళారులు నోటికొచ్చిన రేటు చెబుతున్నారని గోడు వెళ్ళబోసుకుంది. వల వేసే ముందురోజు మేత ఆపమంది పుష్పలత. పొట్ట ఖాళీగా ఉంటే చేప తొందరగా చెడదని చెప్పింది. ఎండెక్కకముందే లాగి ఐసులో పెట్టమంది. నాలుగు మార్కెట్లు కనుక్కోకుండా వల తడపొద్దంది. చేప నీళ్ళలో ఉన్నంతసేపే రేటు మన చేతిలో ఉంటుంది, ఒడ్డున పడ్డాక వాడి చేతిలోకి పోతుంది అంది. అప్పుడు ఖుల్నా ఆవిడ అడిగింది, దీదీ, ఇవన్నీ మీ దగ్గర ఎవరు చూసుకునేవారు?

పుష్పలత చెయ్యి దానంతటదే రిసీవరు మూసేసింది. ఎదురుగా ఈసారి నిజంగానే ఆయన ఉన్నాడు. బొటనవేలితో తన గుండె మీద పొడుచుకుంటూ, నేనని చెప్పు, నేనని చెప్పు అని సైగ చేస్తున్నాడు. ఆ వేలు చూసేసరికి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి తీసేసి, నేనే చూసుకున్నాను, మొదటినుంచీ నేనే అంది బెంగాలీలో. పేరడిగితే చెప్పింది. వాళ్ళు ఇంకేదో అడిగితే ఒక్క ముక్కలో జవాబిచ్చి ఫోన్ పెట్టేసింది.

"ఏవన్నారే?" అన్నాడు సత్తిరాజు.

"రమ్మన్నారండీ. నన్ను. కాగితాలు నా పేరున పంపుతారట."

ఆయన ఎగిరిపడ్డాడు. దరఖాస్తు పెట్టింది నేనైతే వెళ్ళేది నువ్వా అన్నాడు. క్లబ్బులో నలుగురికీ చెప్పుకున్నాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను అన్నాడు. అరిచి అరిచి ఆయనే కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి గొంతు మెత్తబడింది.

"సరేలే. దేశం కాని దేశం, ఒక్కదానివీ ఏం వెళతావు? తోడుగా నేనూ వస్తాను. నాక్కూడా టిక్కెట్టు ఇస్తారేమో కనుక్కో."

"కనుక్కోనక్కర్లేదండీ, వాళ్ళే అడిగారు. మీవారు కూడా వస్తారా, ఇద్దరికీ ఏర్పాటు చేస్తామన్నారు," అంది పుష్పలత.

"మరి నువ్వేమన్నావు?"

"రారని చెప్పాను."