నవాబు రాజీనామా

కోరుట్లలో మనుషుల ఫోటోలు తీసీ తీసీ నాకు మనుషులంటేనే విసుగు పుట్టింది. కెమెరా ఎత్తగానే గడ్డం పైకి లేపుతారు, పొట్ట లోపలికి పీలుస్తారు, పక్కవాడి గడియారం అడిగి పెట్టుకుంటారు. జంతువులకు ఆ రోగం లేదు. అందుకే సకల జనుల సమ్మెలో బస్సులాగి, బడులు మూతపడి, నా స్టూడియో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో గాజు తలుపు మీద ‘పెంపుడు జంతువుల ఫోటోలు తీయబడును’ అని కాగితం అంటించాను.

జనం బాగానే వచ్చారు. తెచ్చిన జంతువు గుణగణాలంటూ వాళ్లు చెప్పేదంతా తమ గొప్పలే. నర్సక్క తన పిల్లికి రోషం ఎక్కువంది. ఆ పిల్లి నా బల్ల మీద పడి నిద్రపోయింది. బట్టల కొట్టాయన తన చిలుక ‘జై తెలంగాణ’ అంటుందని తెచ్చి, అరగంట బతిమాలాడు. అది చివరికి నోరు విప్పి, ఇంట్లో ఆయన భార్య ఆయన్ని ఏమని తిడుతుందో అది వినిపించింది. ఎవడి పిచ్చి వాడికానందం.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది కొమురమ్మ ఒక్కతే. బీడీలు చుట్టుకుని బతికే ఒంటరి మనిషి. గోధుమ రంగు కుక్కను తాడు కట్టకుండానే వెంట తెచ్చింది.

“మావోని పేరు నవాబు. విసిరేస్తె తినడు పుష్పా, గిన్నెల వెట్టాలె. ఒక్కపాలి కూసో అన్ననంటె మల్ల నేను లెవ్వుమన్నదాక లెవ్వడు. గంతకంటె ఏం రాదు గానికి.”

అంతకంటే ఏం రావాలి? నవాబు స్టూలు మీద కూర్చుని కెమెరాను పట్టించుకోకుండా కొమురమ్మనే చూశాడు. ఆ ఏడాది నేను తీసిన వాటిలో అంత మంచి ముఖం ఇంకొకటి లేదు. పెద్దది చేసి స్టూడియో బయటి అద్దాల పెట్టెలో పెట్టాను. చుట్టిన బీడీలు కార్ఖానాకు ఇవ్వడానికి వెళుతూ కొమురమ్మ రోజూ దాని ముందు కాసేపు ఆగేది.

ఆ ఫోటో మొగిలయ్య కళ్లబడింది. మొగిలయ్య పక్క ఊరి సహకార సొసైటీకి డైరెక్టర్. బస్టాండు దగ్గర రిలే దీక్షల శిబిరానికి తనను తానే పెద్దమనిషిగా నియమించుకున్నాడు. ఉద్యమమంటే నాకు చిన్నచూపు లేదు. బీడీల ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని, పని సగం పోయినా సరే, ఆ డేరా కింద పొద్దంతా కూర్చునేవారు. నా చిన్నచూపంతా మొగిలయ్య మీద. రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు గరిటె పట్టుకుని ఫోటో దిగి, గరిటె ఆడవాళ్ల చేతిలో పెట్టి, ఇంటికెళ్లి కోడికూర తిన్నాడు. మోకాళ్ల మీద నడిచిన రోజు ఆయన మోకాళ్లు నేలకానింది పేపరు విలేకరి ఉన్నంతసేపే.

కుక్క ఎవరిదో కనుక్కుని కొమురమ్మ గడపలోకే వెళ్లాడు. “నీ కుక్కతోని ఉద్యమానికి పని వడ్డది. పేపర్ల ఫోటో అస్తది” అన్నాడట.

కొమురమ్మ పొంగిపోయింది. నవాబుకు నీళ్లుపోసి, నొసట బొట్టు పెట్టి, నన్ను కూడా పిలిచింది.

“నువ్వు గూడ రా బిడ్డా. తెలంగాణ కోసం మా నవాబు గూడ కూసుంటుండు.”

శిబిరం ముందు నవాబును కూర్చోబెట్టారు. మొగిలయ్య చేతులు కట్టుకుని దాని ముందు ఒక వినతిపత్రం పెట్టాడు. జనం నవ్వారు, కొమురమ్మా నవ్వింది. మెడలో ఒక అట్ట కట్టారు. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టింది. తర్వాత చెప్పుల దండ వేశారు. ఆమె చేతులు ఆగిపోయాయి.

“గా అట్ట మీద ఏం రాసిండ్రు పుష్పా?”

చదివాను. ‘తెలంగాణ కోసం రాజీనామా చేయని మంత్రిని నేనే.’

ఈలోగా మొగిలయ్య చెప్పు తీసి నవాబు మూతి మీద కొట్టాడు. నవాబు లేవలేదు. కూర్చోమన్నది కొమురమ్మ కదా, ఆమె వైపే చూశాడు. ఫోటో సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నాడు విలేకరి. మొగిలయ్య జుట్టు సవరించుకుని ఇంకోసారి కొట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్లను చూశాను. దానికోసం జుట్టు దువ్వుకున్నవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను.

కొమురమ్మ వెళ్లి దండ తీసి కింద పడేసింది. అట్ట విప్పి, కుక్కను రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. అప్పటినుంచి నవాబు గల్లీలోకి వస్తే చాలు, ‘మంత్రి, మంత్రి’ అంటూ రాళ్లు పడేవి. ముందుకాలు చితికింది. కొమురమ్మ లోపల కట్టేసింది. ఎన్నడూ తాడు ఎరగని జీవి గిన్నెలో పెట్టినా ముట్టలేదు. ఇలాగే ఉంటే బతకడని ఆమెకు అర్థమైంది.

నన్ను వెంటబెట్టుకుని మొగిలయ్య దగ్గరికి పోయింది. “నలుగుట్ల వెట్టిన పేరు నలుగుట్లనే తియ్యాలె డైరెక్టర్ సాబ్. పిలగాండ్లు సంపుతున్నరు వాన్ని” అంది.

మొగిలయ్య నవ్వాడు. “కుక్కకు ఇజ్జతేందే కొమురమ్మా? మంత్రి రాజీనామా జేసెదాక గంతే.”

కొమురమ్మ తిరిగొచ్చి, స్టూడియోలో నా ఎదురుగా కూర్చుంది.

“రాయి బిడ్డా” అంది.

“ఏం రాయాలె అక్కా?”

“రాజీనామా.”

తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. ‘ప్రజల కోరిక మేరకు నా మంత్రి పదవికి రాజీనామా చేస్తున్నాను. ఇట్లు, నవాబు.’ ఆమె ఇంటికి వెళ్లి నవాబు బాగున్న కాలు స్టాంపు ప్యాడు మీద అద్ది కింద వేలిముద్రలా వేయించాం.

మర్నాడు శిబిరం నిండుగా ఉన్నప్పుడు కొమురమ్మ వచ్చింది. పక్కన కుంటుతూ నవాబు. మొగిలయ్య మెడలో బంతిపూల దండ వేసుకుని మధ్యలో కూర్చున్నాడు. విలేకరి అప్పుడే కెమెరా తీస్తున్నాడు.

“మంత్రి రాజీనామా జేసెదాక గంతే అంటిరి గద సాబ్. మావోడు జేసిండు. తీస్కోండ్రి” అని కాగితం ఇచ్చింది.

నేను పక్కనుంచి గట్టిగా చదివాను. డేరా మొత్తం నవ్వింది. మొగిలయ్య కూడా నవ్వబోయాడు కానీ ఆ నవ్వులో తనకు చోటు లేదని తెలిసిపోయింది. బీడీల చాట పక్కన పెట్టి రాజవ్వ లేచింది. ముసలిది, శిబిరానికి ఒక్కరోజు తప్పని మనిషి.

“రాజీనామా జేసినోనికి దండ వెయ్యాలె గద” అంటూ మొగిలయ్య ముందుకొచ్చి చెయ్యి చాచింది. “మీరు డైరెక్టరు పదవికి ఇంక రాజీనామా జెయ్యకపోతిరి. గా దండ ఇటియ్యుండ్రి సాబ్.”

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన మెడ వైపు చూస్తున్నారు. మొగిలయ్య అటూ ఇటూ చూసి, దండ తలమీదుగా తీసి రాజవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని నవాబు మెడలో వేసింది. డేరా తాళ్లు పట్టుకుని నిలబడ్డ గల్లీ పిల్లలు మొదట నోళ్లు తెరిచారు, తర్వాత ‘నవాబు, నవాబు’ అని అరిచారు.

మొగిలయ్య విలేకరి చెయ్యి పట్టుకుని, “గిది తియ్యకు” అన్నాడు.

నేను తీశాను. నవాబు కదలకుండా కూర్చున్నాడు, చాలా బాగా వచ్చింది.