ముడుచుకున్న రేక

‘మేఘదుర్గం’ అనే వీడియో గేముకు కొత్త పాత్రను గీసి పంపే పోటీ కోసం సోనీ నెల రోజులు కూర్చుని ఒక కాపలా రాణిని తయారుచేసింది. ఆ రాణి సొగసంతా అంగీ అంచులోనే ఉంది. వరసగా ఐదు రేకుల పువ్వులు, ప్రతి పువ్వులో ఒక రేక లోపలికి ముడుచుకుని ఉంటుంది. రేకను అలా ముడవడం లోకంలో ఇంకెవరికీ తట్టదని సోనీ ధీమా.

ఈ పొద్దున అదే పువ్వు అన్న మురళి ఎంబ్రాయిడరీ మగ్గం మీద, ఎవరిదో పెళ్ళి జాకెట్టు చేతికి జరీతో మెరుస్తూ కనబడింది. సోనీకి ఒళ్ళు మండిపోయింది. బొమ్మ దాచుకున్న తన ఫోను ఎప్పుడు తెరిచాడు? తను స్నానానికి వెళ్ళినప్పుడా? అందుకేనా నాలుగు రోజులుగా అంత ప్రేమగా చాయ్ పెట్టి ఇస్తున్నాడు?

“నా డిజైన్ దొంగతనం చేసినవు కదన్నా?”

మురళి పెట్టెలోంచి పచ్చబారిన కాగితం ఒకటి తీసి పరిచాడు. పువ్వు గీతల వెంట సూదితో పొడిచిన బెజ్జాలున్నాయి. వాటి మీద సుద్దపొడి రుద్ది గుడ్డ మీదికి డిజైన్ దించుతారు.

“అమ్మది. నువ్వు పుట్టకముందుది. చిన్నప్పుడు దీంతోనే ఆడుకుంటుంటివి.”

సోనీ నమ్మలేదు. తల్లి శారదమ్మ వైపు తిరిగింది.

“నువ్వే గీసినవా అమ్మా?”

శారదమ్మ గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“నేనేడ గీసిన బిడ్డా? నయాపూల్ కాడి పెండ్లిపిల్ల ఓణీ రిపేరుకొస్తే, దాని మీదికెల్లి దించుకున్న. ఎవ్వలకు చెప్పకు.”

“మరి ఆ ముడుచుకున్న రేక?”

“ఓణీ గక్కడ మడతవడ్డది. నేను సూస్కోలే.”